పట్టీ మీద ఎర్ర దారం

2023 వానాకాలం. వనపర్తిలో మా మేనమామ నడిపే దుకాణంలో నేను పనికి కుదిరి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆక్సిజన్ మిషన్లు, గాలి పరుపులు, చక్రాల కుర్చీలు, నిద్రలో పెట్టుకునే సీపాప్ మిషన్లు మా దగ్గర దొరుకుతాయి. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా, అటు అమ్రాబాద్ అడవి అంచు ఊళ్ళ దాకా ఎవరింట్లో మిషను పెట్టాలన్నా, పెట్టిన మిషను మొరాయించినా వెళ్ళేది నేనే. కొంత దూరం బస్సు, కొంత ఆటో, మిగిలింది నడక.

నేను బడికి పోయి చదివింది లేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి మంచం పడితే మా నాయిన ఇంట్లోనే పలక పట్టించాడు. పది, ఇంటర్ ఇంట్లో చదివే రాశాను. మిషన్ల వెంట వచ్చే ఇంగ్లీషు పుస్తకాలను కూడబలుక్కుని చదవడం మా మామ నేర్పాడు. పొద్దున వాళ్ళిద్దరినీ తలచుకుని, వేంకటేశ్వరునికి దండం పెట్టుకుని, ఆ తర్వాతే సంచి భుజాన వేసుకుంటాను. ఇవాళ నేను చెప్పబోయే ఇల్లు కూడా ఆ దండంలో కలిసింది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. స్లీప్ ఆప్నియా అంటే నిద్రలో గొంతు వెనక కండ వదులై శ్వాస దారి మూసుకుపోవడం. కాసేపు ఊపిరి ఆగుతుంది. మనిషి ఉలిక్కిపడి గుర్రుమంటూ మళ్ళీ పీలుస్తాడు. రాత్రంతా ఇదే తంతు, తెల్లారితే అతనికేమీ గుర్తుండదు. పగలంతా మాత్రం కళ్ళు మూతలు పడుతూనే ఉంటాయి. సీపాప్ అంటే చిన్న పెట్టె. గొట్టం ద్వారా, ముఖానికి కట్టిన మాస్కు ద్వారా గాలిని ఒక ఒత్తిడితో లోపలికి పంపి, ఆ దారి మూసుకోకుండా నిలబెడుతుంది. మాస్కు సరిగా కూర్చుంటే గురక ఆగిపోవాలి. ఆగలేదంటే ఎక్కడో ఏదో తప్పుందన్నమాట. ఆ తప్పును వెతకడమే నా పని.

తిమ్మప్పది మల్దకల్ మండలంలో ఒక పల్లె. సీడు పత్తి విత్తనాల బస్తాలు మోసే డీసీఎం బండికి డ్రైవరు. నలభై దాటలేదు. మెడ లావు, మాట సరదా. ఆ వేసవిలో ఒకరోజు పట్టపగలు బండి నడుపుతూనే నిద్రపోయాడు. బండి రోడ్డు దిగి చేనులో తిరగబడింది. పక్కన కూర్చున్న హమాలీకి చేయి విరిగింది, ప్రాణం పోలేదు. బండి యజమాని తాళం చెవి లాక్కుని, "డాక్టరు కాయితం తెస్తెనే స్టీరింగు. లేకుంటే నీ తొవ్వ నువ్వు చూస్కో" అన్నాడట. కర్నూలులో డాక్టరుగారు పరీక్ష చేయించి సీపాప్ రాశారు. మిషనుతో నిద్ర కుదిరిందని తేలితేనే బండి నడపవచ్చని రాసిస్తానన్నారు. వాళ్ళు దుకాణానికి వచ్చి మిషను మా దగ్గరే తీసుకెళ్ళారు, పెట్టుకునే తీరు అక్కడే చూపించాను.

కొద్ది రోజులకే అతని భార్య జయమ్మ ఫోను.

"అక్కా, నువ్విచ్చిన మిషను ఒకదిక్కు బుస్సుమంటుంది, మా ఆయన ఒకదిక్కు గుర్రుమంటుండు. ముందు ఒక్క సప్పుడే ఉండె, ఇప్పుడు రెండైనయ్. ఏంది ఇది?"

మర్నాడు వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నులక మంచం తిమ్మప్పది. దాని పక్కన నేల మీద చాప వేసుకుని అతని తల్లి గోవిందమ్మ పడుకుంటుంది. గురకకు తాళలేక జయమ్మ కూతురిని తీసుకుని లోపలి గదికి మారిపోయింది. నేను వెళ్ళేసరికి గోవిందమ్మ గడప దగ్గర కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. తల పైకెత్తి చూసింది, "దా బిడ్డా, కూసో" అంది. అంతే, మళ్ళీ ఆకు మీదికి వంగింది.

తిమ్మప్ప మాస్కు పెట్టుకుని చూపించాడు. "ఎట్లున్న మేడమ్? నా బిడ్డ నన్ను ఏనుగంటుంది. ఏనుగైతే నయమే, మల్దకల్ జాతరల తిప్పుకుంటే నాలుగు అరటిపండ్లన్న వస్తయ్."

"మస్తు వస్తయ్ గని, స్టీరింగు మటుకు రాదు" అంది జయమ్మ.

ఆ రోజు నాకు రెండు తప్పులు దొరికాయి. మేమిచ్చింది ముక్కు మాస్కు. అతనేమో నిద్రలో నోరు తెరుస్తాడు. ముక్కులోంచి పంపిన గాలి నోట్లోంచి బయటికి పోతుంటే గొంతు దగ్గర ఒత్తిడి నిలవదు. రెండోది మంచం. నులక సాగి మధ్యలో గుంట పడింది. అందులో పడుకుంటే గడ్డం ఛాతీకి ఆనుతోంది. ఉన్న శ్వాస దారిని మంచమే నొక్కుతోంది. ముక్కు, నోరు రెండింటినీ కప్పే మాస్కు మార్చాను. నులక బిగించమన్నాను. పడుకోబెట్టి చూస్తే ఎక్కడా లీక్ లేదు. మాస్కు అంచుల్లోంచి గాలి పక్కకు పోవడాన్ని మేము లీక్ అంటాం. మిషను తెర మీద మాస్కు బాగుంటే నవ్వు ముఖం, లీక్ ఉంటే ఏడుపు ముఖం కనిపిస్తుంది. నవ్వు ముఖమే వచ్చింది. భగవంతుడా, నీ దయ అనుకుని బస్సెక్కాను.

మళ్ళీ జయమ్మ ఫోను. "నులక గుంజి కట్టిన అక్కా, చేతులు బొబ్బలొచ్చినయ్. పడుకున్న జరసేపు మంచిగనే ఉంటుంది. మల్ల మొదలు."

ఈసారి వెళ్ళేసరికి ఇంట్లో నవ్వులు లేవు. యజమాని ఇంకో డ్రైవరును చూసుకుంటున్నాడన్న కబురు ఊళ్ళోకి వచ్చింది. తిమ్మప్ప నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే గోడకు ఒరిగి కన్ను మూశాడు. చేతిలో టీ గ్లాసు వంగిపోతుంటే జయమ్మ ఒడుపుగా పట్టుకుంది. అలవాటైన పని కాబోలు.

"చూస్తున్నవా అక్కా? గిట్లనే ఉంటది. రేపు బండెక్కితే మల్ల చేన్లనే దిగుతడు. ఈపారి చేనే ఉంటదో, చెరువే ఉంటదో."

తిమ్మప్ప కళ్ళు తెరిచి, "ఈ పెట్టె నువ్వు తీస్కపో మేడమ్. నాకు రాసిపెట్టి లేదు" అన్నాడు. సరదా మనిషి నోటి నుంచి వచ్చిన మాట అది.

అంతసేపూ వెనక కూర్చున్న గోవిందమ్మ మెల్లగా అంది. "గురక పెట్టెటోడు బతికున్నట్టే గదనే. దానికి గింత పరేషాన్ ఎందుకు?"

"నీకేమత్తా, నీకు ఆ సప్పుడు భజన లెక్కనే ఉంటది" అని జయమ్మ విసుక్కుంది. నేనూ ఆ మాటను ముసలావిడ చాదస్తమే అనుకున్నాను.

మిషనులో నమోదైన రాత్రుల సంగతి చూశాను. పడుకున్నప్పుడు మాస్కు గట్టిగానే ఉంది. నిద్ర పట్టిన కొంతసేపటికి ఒక్కసారిగా లీక్ పెరిగింది. అది ఒక్క రాత్రి సంగతి కాదు. పక్కకు తిరిగినప్పుడు మాస్కు జరిగితే లీక్ పెరిగి తగ్గుతుంది. ఇది పెరిగిందంటే తెల్లారేదాకా అలాగే ఉంది. డాక్టరుగారికి ఫోను చేశాను. ఒత్తిడి పెంచడం ఆయన చెప్పకుండా మేము చేయకూడని పని. "ముందు లీక్ సంగతి తేల్చమ్మా, ఒత్తిడి ఆ తర్వాత చూద్దాం" అన్నారు.

మాస్కును తలకు పట్టి ఉంచే పట్టీలకు కొసన అతుకు ఉంటుంది, అంటించి తీసే రకం. తిమ్మప్ప పడుకున్నప్పుడు ముఖానికి ఎంత బిగువు సరిపోతుందో చూసి, పట్టీ కొస వచ్చి ఆగిన చోట రెండు పక్కలా ఎర్ర దారంతో ఒక్కో కుట్టు వేశాను. రవికకు కుట్టు వదలాల్సిన చోట మా అమ్మ అలాగే గుర్తు పెట్టుకునేది. "కొస ఈ దారం దగ్గరనే ఉండాలె. పొద్దున లేవంగనే మాస్కు తీయకముందు చూడు" అని జయమ్మకు చెప్పాను.

కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళినప్పుడు జయమ్మ మాస్కును అలాగే తెచ్చి నా చేతిలో పెట్టింది. "చూడక్కా. రోజు గింతే. రాత్రి దారం కాడ అంటిస్త, తెల్లారితే గీడుంటది."

కింది పట్టీలు రెండూ దారాన్ని దాటి వెనక్కి పోయాయి. నేను వాటినే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నిద్రలో విసుగొచ్చి లాగిన మనిషి పట్టీ వంకరగా వేలాడుతుంది, ఒక పక్క ఊడి ఉంటుంది. ఇవి రెండు వైపులా ఒకే మాదిరిగా వదులై, తిరిగి శుభ్రంగా అతికి ఉన్నాయి. మెలకువగా ఉన్న చేయి చేసిన పని ఇది. తిమ్మప్పకు మెలకువ రాకుండా చేసిన పని. లోపలి గదిలో పడుకునే జయమ్మ నాకు ఫోను చేసి మొరపెట్టుకుంటున్న మనిషి. ఇంక ఆ గదిలో ఉండేది ఒక్కరే.

"అత్త యాడికి పోయింది?" అన్నాను.

"క్రాసింగుకు పోయింది. పక్క చేన్లనే."

గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో సంకర విత్తనం కోసం చేత్తో పువ్వులు కలిపే పనిని క్రాసింగ్ అంటారు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచే పట్టుకుని, బొటనవేలి గోరుతో రేకుల పొర, పుప్పొడి తీసేస్తారు. లోపలి కీలం మాత్రం చెక్కుచెదరకూడదు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. గోరు ఒక్క పిసరు లోతుకు దిగినా ఆ మొగ్గ పని అయిపోయినట్టే. గోవిందమ్మ పడుచుతనం నుంచీ ఆ పని చేస్తోంది. చేనులోకి వెళ్ళి ఆమె వేళ్ళు చూశాక నాకు అడగాల్సింది పెద్దగా మిగలలేదు. మొగ్గకు తెలియకుండా మొగ్గను విప్పే వేళ్ళవి. కొడుకు నిద్ర చెడకుండా పట్టీ విప్పడం వాటికెంత పని?

అయినా అడిగాను. "అమ్మా, రాత్రి ఆ పట్టీ నువ్వు ఒదులు చేస్తున్నవా?"

ఆమె మొగ్గ మీంచి చూపు తిప్పలేదు. "అవ్ బిడ్డా. నేనే."

"మరి చెప్పకపోతివి?"

"నన్నెవరడిగిండ్రు?"

అది నిజమే. మూడుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను. మంచాన్ని అడిగాను, మిషనును అడిగాను. మంచం పక్కన పడుకునే మనిషిని ఒక్క మాట అడిగింది లేదు.

గోవిందమ్మ వరుసలో ముందుకు జరుగుతూ, నా వైపు చూడకుండానే చెప్పుకుంటూ పోయింది.

"వీళ్ళ నాయిన గూడ గిట్లనే గురక పెట్టేటోడు. ఊరంత నవ్వేది. ఆ సప్పుడు ఆగేది, మల్ల వచ్చేది. ఆగినప్పుడల్ల నేను లేసి తట్టేదాన్ని. ఎన్నేండ్లు తట్టిననో. పదిహేనేండ్ల కిందట ఒకనాడు పత్తి ఏరి ఏరి నడుము ఇరిగినట్టుండె. రాత్రి సప్పుడాగింది. అమ్మయ్య, ఇయ్యాల సల్లగ పండుకున్నడు, నేను గూడ జర పండుకుంట అనుకుంటి. మస్తు నిద్ర పట్టింది బిడ్డా. పొద్దున లేపబోతే మనిషి కట్టె తీరు ఉన్నడు."

ఆమె ఇంకో మొగ్గ పట్టుకుంది.

"నువ్వేమో వీనికి గా సంచి మూతికి కట్టి సప్పుడు బందు చేస్తివి. వాడు సప్పుడు లేకుంట పండుకుంటే నాకు పానం కొట్టుకుంటది. తట్టి లేపితే, నిద్ర సాలకనే బండి పడ్డదని కోడలు తిడ్తది. అందుకని జర ఒదులు చేస్త. సప్పుడు మొదలైతది. అప్పుడు పండుకుంట."

ఆమెకు ఏం చెప్పాలి? గురక ఊపిరి కాదమ్మా, ఊపిరికి దారి దొరకని చప్పుడు అని చెప్పాలి. చెబితే ఆమె అక్కడితో ఆగుతుందా? కొడుకు గురించి నేను చెప్పే ప్రతి మాటా భర్త మంచం దాకా పోతుంది. చెప్పకపోతే తిమ్మప్ప బండి మళ్ళీ రోడ్డు దిగుతుంది, లేదా తండ్రిలాగే మంచంలోనే అతని బతుకు ముగుస్తుంది. మనసులో దేవుణ్ణి తలచుకున్నాను. చేతికి చూపిద్దాం, నోటితో తక్కువ చెబుదాం అనుకున్నాను.

"అమ్మా, ఒక్కపారి ఇంటికొస్తవా? నీకొకటి చూపిస్త."

పగలే తిమ్మప్పను పడుకోమన్నాను. దారం గుర్తు దగ్గర పట్టీ బిగించాను. మొదట గాలి మెల్లగా మొదలై క్రమంగా పెరుగుతుంది, దాన్ని ర్యాంప్ అంటాం. ఆ గాలి పూర్తిగా పెరగక ముందే అతను నిద్రలోకి జారిపోయాడు. గదిలో చప్పుడు లేదు. గోవిందమ్మ ముఖం పాలిపోయింది. చేయి తనంతట తానే పట్టీ వైపు పోయింది. ఆ చేతిని పట్టుకుని మాస్కు ముందున్న చిన్న రంధ్రాల దగ్గర పెట్టాను. విడిచిన ఊపిరి బయటికి పోయే దారి అది. గాలి అక్కడి నుంచి ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. మనిషి ఊపిరి వదిలినప్పుడు మాత్రం ఉరవడి పెరిగి, అరచేతికి వెచ్చగా తగులుతుంది.

"ఇది వాని ఊపిరేనా?"

"వాని ఊపిరే. చూడు, పోయి వస్తుంది."

ఆమె చేయి తీయలేదు. కొడుకు ఛాతీ లేచినప్పుడు లేచి, దిగినప్పుడు దిగుతూ ఆమె తల కూడా చిన్నగా ఊగుతోంది. జయమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. అత్త చేసిన పని అప్పుడే ఆమెకు అర్థమైంది. తిట్టబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది.

గోవిందమ్మ అంది. "అంటే సప్పుడు ఉంటే ఊపిరున్నట్టు గాదు."

"గాదమ్మా. సప్పుడు వచ్చిందంటే లోపల తొవ్వ మూస్కపోతున్నట్టు."

"అయితే ఆయన అన్నేండ్లు..." అని ఆగింది. మళ్ళీ, ఎవరితోనూ కాకుండా అంది. "ఆ రాత్రి తొవ్వ దొరకలే అన్నట్టు. నేను సల్లగ పండుకున్నడనుకుంటి. పక్కనే ఉంటి."

జయమ్మ వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. "నీకేమెరుక అత్తా" అంది. "ఎవ్వరికీ తెల్వదు." గోవిందమ్మ ఆ మాట విన్నదో లేదో. చేయి మాత్రం అక్కడే ఉంది. తిమ్మప్ప ఇవేమీ ఎరుగకుండా, ఎన్నాళ్ళుగానో అతనికి దొరకని నిద్ర పోతున్నాడు.

ఆ తర్వాత గురక రాలేదు. దారం దగ్గర పట్టీ కదలలేదు. తెర మీద రోజూ నవ్వు ముఖమే. డాక్టరుగారు చూసి, బండి నడపవచ్చని రాసిచ్చారు. యజమాని కొత్త డ్రైవరును మాట్లాడుకునే లోపే తిమ్మప్ప కాగితం తీసుకెళ్ళి అతని ముందు నిలబడ్డాడు. స్టీరింగు దక్కింది. ఆ కబురు చెబుతూ, "మేడమ్, ఇప్పుడు నేను కొట్టే హారను నాకు గూడ ఇనబడుతుంది" అని ఫోనులో నవ్వాడు. నేను ఫోను పెట్టేసి దేవుడి పటం ముందు నిలబడ్డాను. దండం పెట్టాను, కానీ పూర్తి సంతోషంతో కాదు.

చలికాలంలో మాస్కు మెత్త మార్చడానికి మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. గోవిందమ్మ చాప ఇప్పుడు ముందు గదిలో లేదు, బయట అరుగు మీద ఉంది. మనిషి సగమైంది. జయమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆయన మంచిగుండు, ఆమెకే నిద్ర లేదు అక్కా" అని చెప్పింది. "రాత్రి లేసి పోయి ఆయన ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసి వస్తది. మల్ల అరుగు మీద కూసుంటది. పండుకో అత్తా అంటే, నేను పండుకున్నంత పండుకున్న అంటది."

పని ముగించి వస్తుంటే గోవిందమ్మ నా సంచి పట్టుకుని ఆపింది.

"బిడ్డా, ఒకటడుగుత. ఆయన పోయినప్పుడు గూడ గీ మిషను ఉండెనా? యాడనన్న?"

లేదని ఒక్క మాట అంటే ఆమెకు కొంచెం ఉపశమనం దొరికేదేమో. కానీ ఆ మాట నా నోటికి రాలేదు.

"పట్నంల ఉండెనమ్మా. మన దిక్కు ఎవ్వరికీ ఎరుక లేకుండె."

ఆమె తల ఊపింది. నా సంచి వదిలి, ఆ చేతినే తిప్పి అరచేయి చూసుకుంది. "ఉండెనా" అని మాత్రం అంది. నన్ను నిందించలేదు. "పైలంగ పో బిడ్డా, బస్సు టైమైతది" అని పంపించింది. తన గుండెలో నేను పెట్టి వచ్చిన బరువుకు బదులుగా నాకు ఆమె ఇచ్చింది ఆ దీవెన. ఆమెకు నేను పెట్టుకునే దండం అందుకే.

గురక ఆగలేదని ఎవరు పిలిచినా ఇప్పటికీ మాస్కు కొలత, నోరు, మంచం, పట్టీ అన్నీ చూస్తాను. పుస్తకంలో ఉన్నవి అవే. అయితే వాటికంటే ముందు, ఆ మనిషి పక్కన పడుకునేది ఎవరో వాళ్ళను పిలిచి కూర్చోబెట్టుకుంటాను. మిషను గురించి ఒక్క మాటైనా చెప్పకముందే, "మీ ఇంట్ల నిద్రల పోయినోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అని అడుగుతాను. లేరంటే పని మొదలుపెడతాను. ఉన్నారంటే మాత్రం సంచి విప్పను. ముందు ఆ పోయిన మనిషి ఎలా నిద్రపోయేవాడో, వాళ్ళు చెప్పగలిగినంత మేరకు చెప్పనిస్తాను.